కడప నుంచి కువైట్ పనికి: వీసా కాపీ మొదలు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ దాకా

ఏజెంటు చేతిలో డబ్బు పెట్టకముందే వీసా కాపీ అడిగి తీసుకోండి. అందులో మొదట చూడాల్సింది ఆర్టికల్ నెంబరు. 18 ఉంటే కంపెనీ, షాపు లాంటి ప్రైవేటు సంస్థలో పని. మనవాళ్లు షూన్ వీసా అంటారు. 20 ఉంటే ఇంటిపని, ఇంటి డ్రైవరు, వంటమనిషి. ఇది ఖాదిం వీసా. 20 మీద దిగి హోటల్లోనో గ్యారేజీలోనో పనిచేస్తే, చేతిలో అకామా (నివాస అనుమతి) ఉన్నా అది నేరమే. రాజంపేట, రాయచోటి వైపు ‘ఆజాద్ వీసా’ పేరుతో లక్షలకు అమ్మేది ఎక్కువగా ఇదే. కువైట్ చట్టంలో అలాంటి వీసా లేదు. కఫీల్ (స్పాన్సర్ యజమాని) పేరు మీద అకామా కొట్టించి, పని మీరే బయట వెతుక్కోమంటారు. ఆ కఫీల్ ఒక్కసారి పరారీ కేసు పెడితే అకామా పోతుంది, జీతం బాకీ అడిగే దారీ మూసుకుపోతుంది.

తర్వాత పాస్‌పోర్టు. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ముద్ర ఉంటే కువైట్, సౌదీ, యూఏఈ (దుబాయ్) సహా 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే విదేశాంగ శాఖ అనుమతి, తప్పనిసరి. పదో తరగతి పాసైనవాళ్లకు ఇది అక్కర్లేదు. పాసై కూడా దరఖాస్తులో ఆ సర్టిఫికెట్ పెట్టనివాళ్లకు ఈసీఆర్ పడుతుంది. అలాంటివాళ్లు రీఇష్యూకు దరఖాస్తు చేసి ఆ ముద్ర తీయించుకోవచ్చు: 36 పేజీలకు రూ.1,500, తత్కాల్‌కు ఇంకో రూ.2,000. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ‘కె.’ అని పొట్టిగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. స్లాట్ బుక్ చేయకముందే పేరు సరిచేయించుకోండి.

ఈసీఆర్ ఉందని కుంగిపోవద్దు. మీ జీతం, యజమాని, ఒప్పందం ప్రభుత్వ రికార్డులో చేరేది ఆ క్లియరెన్స్ వల్లే. ఏజెంట్లు దాన్ని తప్పించడానికి విజిట్ వీసా మీద పంపిస్తారు. ఆ వీసా మీద పనిచేసే హక్కు ఉండదు. తేడా వస్తే ఎవరి దగ్గర పని చేశారో చూపే ఒప్పందమూ ఉండదు.

ఏజెన్సీ లైసెన్సు నెంబరును కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైటులో కొట్టి చూడండి, ‘యాక్టివ్’ అని రావాలి. బోర్డు మీద నెంబరున్నంత మాత్రాన చాలదు. రద్దయిన లైసెన్సులూ గోడల మీద వేలాడుతుంటాయి. సబ్ ఏజెంట్లకు చట్టంలో చోటు లేదు. ఏజెన్సీ మీ దగ్గర తీసుకోగలిగిన సర్వీసు చార్జీ గరిష్ఠంగా రూ.30,000, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం రూ.35,400. బ్యాంకు ద్వారానే కట్టి రశీదు తీసుకోండి.

ఆపై మెడికల్. గల్ఫ్ దేశాల మెడికల్ బుకింగ్ సైటు వాఫిద్‌లో బుక్ చేసి, అది కేటాయించిన సెంటరుకే వెళ్లాలి. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనబడినా ‘అన్‌ఫిట్’ రాస్తారు. అందుకే అప్పు చేసి డబ్బు కట్టడానికి ముందే ఊళ్లో ఒక ఛాతీ ఎక్స్‌రే తీయించి చూసుకోవడం మంచిది. కువైట్‌లో దిగాక మళ్లీ పరీక్ష ఉంటుంది, అక్కడ తప్పితే వెనక్కి పంపేస్తారు. పోలీసు క్లియరెన్స్ పాస్‌పోర్టు సేవా సైటులోనే, రూ.500. అడ్రసు మారినవాళ్లది వెరిఫికేషన్ దగ్గర ఇరుక్కుంటుంది.

క్లియరెన్సుకు ముందు ప్రవాసీ భారతీయ బీమా తీసుకోవాలి: రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా రూ.10 లక్షలు. నామినీ పేరు బ్యాంకు పాస్‌బుక్‌లో ఉన్నట్టే రాయించండి.

ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడవాళ్లు ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. వయసు పెంచి కొత్త ఆధార్ చేయిస్తామనేవాళ్లను గడప దాటనివ్వొద్దు. ఇంటిపనివాళ్ల కోసం కువైట్‌లో 2015 నాటి 68వ నెంబరు చట్టం ఉంది: రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక సెలవు, పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు. ఒప్పందం అరబిక్ కాపీలో జీతం అంకె ఎంత రాశారో వేలు పెట్టి చూపించమనండి.

డిగ్రీ మీద వెళ్లేవాళ్ల సర్టిఫికెట్లకు రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, కువైట్ రాయబార కార్యాలయం, ఈ వరసలోనే ముద్రలు పడాలి. ఇంజనీరు హోదాతో అకామా కావాలంటే అక్కడి ఇంజనీర్ల సంఘం అనుమతి కావాలి. మీ బ్రాంచికి మీరు చదివిన కాలంలో ఎన్‌బీఏ (జాతీయ అక్రిడిటేషన్ బోర్డు) గుర్తింపు లేకపోతే అది కష్టం. కాలేజీకి ఫోన్ చేసి ముందే కనుక్కోండి.

మంగంపేట బైరైటీస్ ఖనిజం బేరం మాట్లాడటానికి వెళ్లే వ్యాపారికి ఇవేవీ అక్కర్లేదు. అక్కడి కంపెనీ ఆహ్వాన లేఖతో బిజినెస్ విజిట్ వీసా చాలు. జీతానికి మాత్రం పని చేయకూడదు.

బయల్దేరేముందు వీసా, ఒప్పందం, బీమా, రశీదుల జిరాక్సు ఒక సెట్టు ఇంట్లో ఉంచండి. అక్కడ కష్టమొస్తే ఇంట్లోవాళ్లే విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. అప్పుడు మొదట అడిగేది పాస్‌పోర్టు నెంబరు, యజమాని పేరు.