కొర్రమట్టకు దెబ్బ తగిలితే

మొదటి వాన పడ్డ రాత్రి, నకిరేకల్‌లో మా ఇంటి వెనక సిమెంటు తొట్టిలోంచి ఒక కొర్రమట్ట ఎగిరి గచ్చు మీద పడింది. పొద్దున చూస్తే బతికే ఉంది గానీ, పక్కన రూపాయి బిళ్లంత మేర పొలుసులు లేచిపోయి ఎర్రగా కండ కనిపిస్తోంది. "ఇంకేం చూస్తున్నవ్‌రా, పులుసు పెట్టెయ్" అన్నాడు మా చిన్నాయన. నేను గోలెం కడిగాను.

ముందు చేతులు తడుపుకోండి. చేప ఒంటి మీది జిగురే దానికి రక్ష, పొడి చేత్తో పట్టుకుంటే అదీ ఊడిపోతుంది. తడి గుడ్డలో ఎత్తి నీడలో పెట్టిన గోలెంలో వదలండి. తొట్టిలోనే ఉంచితే మిగతావి పుండును పొడుస్తాయి. కొర్రమట్ట పైకొచ్చి గాలి మింగే చేప కాబట్టి అంచుదాకా నింపకుండా జానెడు ఖాళీ వదిలి, పైన వల కప్పి రాయి పెట్టండి. రోహు, బొచ్చె అయితే మొప్పలే దిక్కు, వాటికి గాలి మోటారు తప్పనిసరి.

నీళ్ల దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, రాత్రంతా నిలవబెట్టి చెంబుతో పైనుంచి పోస్తూ కలియబెట్టాలి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు మూత లేకుండా ఉంచాలి.

ఇక ఉప్పు. చేప రక్తంలో ఉప్పు బయటి నీళ్లకన్నా ఎక్కువ, అందుకే గాయంలోంచి నీళ్లు లోపలికి దూరుతుంటాయి, వాటిని బయటికి తోడటానికే దాని సత్తువంతా పోతుంది. లీటరుకు రెండు గ్రాముల దొడ్డుప్పు, అంటే వంద లీటర్లకు 200 గ్రాములు, విడిగా కరిగించి పూటకు కొంచెం చొప్పున ఒక రోజులో పోస్తే ఆ భారం తగ్గుతుంది. రోజూ మూడో వంతు నీళ్లు మార్చి, మార్చినంత నీటికే ఉప్పు కలపండి.

పసుపు రుద్దమని వాడకట్టంతా చెప్పింది, నేను రుద్దలేదు, పొడి కడుక్కుపోయి నీళ్లు మురికవుతాయి తప్ప లాభం లేదు. దూదితో పొవిడోన్ అయోడిన్, అదే పుండ్లలో క్రిములు చంపే మందు, ఒక్కసారి అద్దాను, మొప్పలకు, కళ్లకు తగలకుండా, నిమిషంలోపే. రోజూ పట్టుకుని అద్దితే ఆ టెన్షన్‌కే చస్తుంది.

రెండు రోజులు మేత వద్దు. తర్వాత చిన్న వానపాము ముక్క వేసి, తినకపోతే వెంటనే తీసెయ్యండి, కుళ్లితే నీళ్లు విషమవుతాయి.

పుండు మీద తెల్లగా దూదిలా లేస్తే అది బూజు. చలికాలంలో ఒకటి కాదు, నాలుగైదు చేపలకు ఎర్రటి పుండ్లు కనిపిస్తే అది దెబ్బ కాదు, రోగం, మత్స్యశాఖ వాళ్లకు చూపించండి.

మాది మూడు వారాలు పట్టింది. పుండు మీద నల్లటి పలుచని చర్మం వచ్చాక రెండు మూడు రోజులు ఉప్పు లేని నీళ్లతో మారుస్తూ వచ్చి, తొట్టి నీళ్లు కొన్ని గోలెంలో కలిపి, అలవాటయ్యాకే వదిలాను. అంతకుముందే తొట్టి మీద వల బిగించాను, చిన్నాయనే వచ్చి తీగ కట్టాడు.