బెంగళూరు పాత బంగళాలో కొయ్యపనిని కాపాడుకునే తీరు

1898 నాటి ప్లేగు తరువాత పెరిగిన బసవనగుడి, మల్లేశ్వరాలలోనూ, కంటోన్మెంటు వీధులలోనూ, మంకీ టాప్ అనే కోసైన కొయ్య చూరుతో కట్టిన పెంకుటి బంగళాలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. అటువంటి ఇల్లు చేతికి వచ్చినవారు ముందుగా పాలిష్ పనివాణ్ణి పిలుస్తారు. నా లెక్కలో అతడు ఆఖరున రావలసినవాడు. కొయ్యలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం దానికి బూజు పట్టి పుచ్చదు కనుక, మొదట ఆపవలసింది నీటిని.

పని కప్పు నుంచి, జూన్ వానలకు ముందే మొదలుపెట్టాలి. మన ఊళ్లలో బెంగుళూరు పెంకులనేవి నిజానికి మంగళూరువే. 1865లో బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండ్ క్రైస్తవ మిషనరీ సంస్థ వారు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. పగిలిన పెంకు మీది అచ్చు, కొలత చూసుకుని అదే రకం పెంకును పాత సామాన్ల దుకాణాల్లో వెతకాలి. కొలత కాస్త తేడా వచ్చినా పెంకు పక్కదానితో కలిసి కూర్చోదు, చినుకు నేరుగా వాసం మీద పడుతుంది.

తరువాత వరండా స్తంభాల మొదళ్లను సన్నని స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడాలి. మా వరండాలో ఒక స్తంభం పైకి నిగనిగలాడుతూనే ఉండేది, కానీ దాని మొదలు దగ్గర స్క్రూడ్రైవరు మొన మగ్గిన పండులోకి దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. ఎవరో నేలను సిమెంటుతో ఎత్తు పెంచి, కింది రాతి దిమ్మెను పూడ్చివేయడంతో తడి బయటికి పోయే దారి లేకపోయింది. అలాంటప్పుడు సిమెంటు తీయించి, కప్పు బరువుకు జాకీలు పెట్టించి, పుచ్చినంత మేరకే కోసి, పాత టేకు ముక్కను ఏటవాలు అతుకుతో కలపమని వడ్రంగికి చెప్పాలి. అతుకు కనబడితే తప్పు లేదు. లప్పంతో దాచితేనే లోపల తడి నిలుస్తుంది.

గోడ మీద చెదల మట్టి దారులు కనిపిస్తే వాటిని చెరిపి ఊరుకోకుండా, నేలకు మందు వేయించాలి. వాన తగలని దూలాలకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించవచ్చు; వాన తగిలే చోట అది కడుక్కుపోతుంది.

పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకకుండా, తడిపి గీకించాలి. ఆపైన అవిసె నూనెను పలుచగా రెండు మూడు సార్లు పట్టించి, మంకీ టాప్ పలకల కింది కొసలకు, అంటే నీరు ఎక్కువగా పీల్చే అడ్డకోత చోట, ఇంకొంచెం ఎక్కువ ఇవ్వాలి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేస్తే వాటంతటవే అంటుకుంటాయి కనుక, అదే రోజు నీళ్లలో తడిపి ఆరుబయట పరచి ఆరవేయాలి.