పిల్లలకు డబ్బు సంగతి చెప్పాలంటే ముందు మన లెక్క తేలాలి

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్ల వాన. శెనక్కాయ మీద బతికే ఇంట్లో డబ్బు ఏడాదికోసారి వస్తుంది, ఖర్చు రోజూ ఉంటుంది. మా ఇంట్లో అప్పు పెరిగినప్పుడల్లా నేను వాననే తిట్టుకున్నాను. వాన పడని మాట నిజమే. కానీ వాయిదాల మీద ఫోన్ తెచ్చింది నేను. అది ఒప్పుకున్నాకే మా అమ్మాయికి డబ్బు గురించి చెప్పడానికి నోరు వచ్చింది.

ముందు ఒక నెల మీ ఖర్చంతా రాయండి, పది రూపాయల టీతో సహా. నెలాఖరున ఆపగలిగిన ఖర్చులకు గుర్తు పెట్టి, వాటిలో ఒక్కటే మానండి. అన్నీ ఒకేసారి మానాలనుకుంటే వారం కూడా నిలవదు.

తర్వాత పిల్లలతో వడ్డీ లెక్క వేయించండి. దీనికి తీరిగ్గా కూర్చోవాలి. "నూటికి రెండు రూపాయలు" అంటే తక్కువే అనిపిస్తుంది. అది నెలకు. పదివేలకు నెలకు 200, ఏడాదికి 2,400. కట్టకుండా ఏటా అసలులో కలిపితే మొదటి ఏడు 12,400, రెండో ఏడు 15,376, మూడో ఏటికి 19,066. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి అక్కడికొచ్చి పెన్సిల్ ఆపింది. "నాయనా, మనమూ ఇట్లనే కడుతున్నామా?" అనడిగింది. అవునన్నాను. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పకండి. కాకపోతే తీర్చే బాధ్యత పెద్దలదేనని అప్పుడే చెప్పాలి. లేకుంటే ఆ టెన్షన్ పిల్లలు మోస్తారు.

ఇక వారానికి కొంత డబ్బు వాళ్ల చేతికివ్వండి. పెన్నులు, చిరుతిండి అందులోంచే కొనుక్కోవాలి. బుధవారానికే అయిపోతే ఆదివారం దాకా ఇవ్వొద్దు. ఇక్కడ మనసు గట్టి చేసుకోవాల్సింది మనమే. అవ్వాతాతలు చాటుగా ఇస్తారు, వాళ్లకూ ముందే చెప్పండి. తిండి, బస్సు ఛార్జీ, మందులు మాత్రం ఈ లెక్కలోకి తేవద్దు.

పదేళ్లు నిండితే పోస్టాఫీసులో పిల్లల పేరు మీదే 500 రూపాయలతో పొదుపు ఖాతా తెరవొచ్చు. నెలనెలా 100 రూపాయల నుంచి ఐదేళ్లు కట్టే రికరింగ్ డిపాజిట్ కూడా ఉంది. ఫారం వాళ్లతోనే నింపించండి.

కాయలు అమ్మిన రోజు బిల్లు వాళ్లతో చదివించండి. తూకం, రేటు చూసి, హమాలీ కూలి పోగా చేతికొచ్చింది ఎంతో వాళ్లే చెప్పాలి. ఆ రాత్రే విత్తనాల డబ్బు ముందు పక్కన పెట్టండి, తర్వాత అప్పుకు, ఆ తర్వాతే ఇంటికి. పోయినేడు మా అమ్మాయి విత్తనాల కవరు మీద పెన్నుతో రాసింది: "జూన్ దాకా ముట్టొద్దు నాయనా." జూన్ దాకా ముట్టలేదు.