చలికాలం అరకు రైడ్: బండి తీసే ముందు

విశాఖ నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా బైకు మీద అరకు వెళ్లేవాళ్లకు. అన్నిటికన్నా ముందు బ్రేకులు.

• బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటిందా? మార్చేయండి. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేక్ డిస్కు కాలితే ఆ నీరు ఆవిరై, లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. బండి మాత్రం ఆగదు. ప్యాడ్ మందం 2 మిల్లీమీటర్లకు దగ్గరపడితే కొత్తవి వేయించండి.

• దిగేటప్పుడు రెండు, మూడు గేర్లలోనే. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకుల మీదే.

• టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వెనక మనిషి ఉంటే బండికి అంటించిన టైర్ల గాలి స్టిక్కర్ మీద ఇద్దరికి రాసిన లెక్కే పెట్టండి.

• చైన్ లూజు మాన్యువల్ ప్రకారం. బిగిస్తే మంచిదనుకుంటారు, బరువు పడ్డాక అది ఇంకా బిగుసుకుని బేరింగులను తినేస్తుంది.

• బ్యాగు కట్టిన తాడు కొస వేలాడకూడదు. చక్రంలో చుట్టుకుంటే వెనక టైరు అక్కడికక్కడే లాక్.

• పెట్రోలు ఎస్.కోటలోనే నింపండి.

• అనంతగిరి దగ్గర మంచు పడితే లో బీమ్. హై బీమ్ వేస్తే ఎదుట తెల్లటి గోడే.