మచ్లీ కమాన్ కింద నిలబడి చూడండి

ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగు నేర్పాను. పదవీ విరమణ తర్వాత నెలకోసారి, మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి, హైదరాబాద్ పాతబస్తీ పత్తర్‌గట్టీలో, మచ్లీ కమాన్ అనే పాత తోరణ ద్వారం కింద నిలబడతాను. దక్షిణంగా చూస్తే గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, దాని తర్వాత మరో కమాన్, ఆ వెనక చార్మినార్. 1591లో కట్టిన ఆ కట్టడం పై అంతస్తులో మసీదు ఉందని చాలామంది మరిచిపోయారు. ఈ దృశ్యానికి టికెట్టు లేదు. దీన్ని కాపాడమని అడిగే హక్కు దారిన పోయే ప్రతి ఒక్కరికీ ఉంది.

ముందు చోటు ఖాయం చేసుకోండి. "ఇదివరకు బాగా కనిపించేదండీ" అంటే ఏ కార్యాలయంలోనూ పని జరగదు. కమాన్ స్తంభం నుంచి ఎన్ని అడుగుల దూరం, ఫోను ఎంత ఎత్తున పట్టుకున్నారు అన్నది రాసిపెట్టుకోండి. ప్రతిసారీ అదే చోట, అదే వేళకు, జూమ్ చేయకుండా ఫోటో తీయండి. ఇంటికొచ్చాక పాత ప్రింటు మీద ట్రేసింగు కాగితం పరిచి, ఆకాశం అంచు వెంట పెన్సిలు గీత గీయండి. ఆ కాగితాన్ని అదే కొలతలో తీయించిన కొత్త ప్రింటు మీద పెట్టండి. ఒకసారి నా గీత దాటి, కుడి మినార్ పక్కన చిన్న చతురస్రం పొడుచుకొచ్చింది. వెళ్లి చూస్తే ఒక మేడ మీద హోర్డింగు కోసం నిలబెట్టిన ఇనుప చట్రం! అక్కడే నిలబడి ఫోటో తీసిన నా కంటికి అది ఆనలేదు.

కట్టడం వెనక ఆకాశాన్నీ వదలకండి. లండన్‌లో రిచ్‌మండ్ పార్కు దిబ్బ నుంచి పదహారు కిలోమీటర్ల దూరంలోని సెయింట్ పాల్స్ చర్చి గోపురం కనిపించేలా పొదల మధ్య సందు కత్తిరించి ఉంచుతారు. అంత జాగ్రత్త పడినా, 2016లో గోపురం వెనక స్ట్రాట్‌ఫర్డ్‌లో లేచిన ఎత్తయిన భవనం ఆ దృశ్యంలోకి చొరబడింది.

చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అటువంటి కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. ఈ దూరాన్ని గోడ నుంచి కాదు, రక్షిత హద్దు నుంచి కొలవాలి. ఆ పరిధి దాటిన వాటికి మున్సిపల్ కార్యాలయానికే వెళ్లాలి. అర్జీలో "అందం పాడైంది" అని రాయకండి. "ఫలానా చోటు నుంచి ఎడమ మినార్ ఇంతమేరకు కనిపించడం లేదు" అని రాసి, తేదీలు వేసిన రెండు ఫోటోలు జతచేయండి. రసీదు తీసుకోకుండా కదలకండి.

బోర్డులకూ తీగలకూ మొదట అర్జీ దాకా వెళ్లనక్కర్లేదు. ఓ ముత్యాల దుకాణం యజమానికి నా రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, మర్నాడు తానే నిచ్చెన తెప్పించి బోర్డును నాలుగడుగులు కిందికి దించారు.