బండి మీద స్టీరియో – 4వ పాఠం: స్పీకర్ మైనస్ ఎర్త్ కాదు

పోయిన పాఠంలో "స్టీరియో అవుట్‌పుట్‌ని యాంప్ ఇన్‌పుట్‌కి కలపండి" అని ఒక్క ముక్కలో రాసి వదిలేశాను. యాంప్ అంటే సిగ్నల్‌ని బలంగా చేసి స్పీకర్లకి ఇచ్చే యాంప్లిఫయర్. ఆ ఒక్క ముక్క సరిపోలేదు. అలా కలిపిన వాళ్లలో కొందరికి పాట పగిలిపోతోంది, కొందరికి ఇంజన్ వేగంతో పాటు పెరిగే ఈల వినబడుతోంది, కొందరి స్టీరియో ఆన్ చేసిన క్షణంలోనే ఆగిపోతోంది. అందుకే ఈసారి కరెంటు లెక్క పక్కన పెట్టి ఆ ఒక్క ముక్కే విప్పుతాను. బ్యాటరీ విప్పడం, ఫ్యూజు వేయడం మీకు వచ్చు, మళ్లీ చెప్పను.

స్టీరియో వెనక ఆర్‌సీఏ పిన్నులు (యాంప్‌కి బలహీనమైన సిగ్నల్ ఇచ్చే గుండ్రటి సాకెట్లు) ఉంటే మీ పని సులువు. వాటిలో వచ్చేది మహా అయితే 2 నుంచి 4 వోల్టుల సిగ్నల్, యాంప్ ఎదురుచూసేదీ అదే. ఆర్‌సీఏ కేబుల్, నీలం మీద తెల్ల గీత ఉన్న రిమోట్ వైరు (స్టీరియోతో పాటు యాంప్‌ని ఆన్ చేసేది) కలిపితే చాలు.

బండికి అమ్మే చిన్న స్టీరియోల్లో చాలావాటికి ఆ పిన్నులు ఉండవు. స్పీకర్ వైర్లే ఉంటాయి. డబ్బా మీద 50 వాట్లు అని రాసి ఉన్నా 4 ఓముల స్పీకర్ మీద నిజంగా వచ్చేది సుమారు 20 వాట్లు, అంటే దాదాపు 9 వోల్టులు. 2 వోల్టుల కోసం చూస్తున్న ఆర్‌సీఏ ఇన్‌పుట్‌లోకి 9 వోల్టులు తోస్తే పాట పగలక ఏమవుతుంది? యాంప్‌కి హై లెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైర్లని నేరుగా తీసుకునే ఇన్‌పుట్) ఉంటే స్పీకర్ వైర్లు అక్కడికే ఇవ్వండి. లేకపోతే మధ్యలో లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ (స్పీకర్ వోల్టుని ఆర్‌సీఏ స్థాయికి తగ్గించే చిన్న డబ్బా) పెట్టండి.

ఇక అసలు గొయ్యి. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మళ్లీ ఇందులోనే పడుతున్నారు కాబట్టి నెమ్మదిగా చదవండి. హారన్, హెడ్‌లైటు, ఇండికేటరు, అన్నిటి మైనస్ చివరికి బాడీకే చేరుతుంది. ఆ అలవాటుతో స్పీకర్ వైరు మీద నల్ల గీత కనబడగానే అదీ ఎర్త్ అనుకుంటారు. కాదు. స్టీరియోలోని చిప్ స్పీకర్‌ని రెండు వైపుల నుంచీ నడుపుతుంది. ప్లస్ వైరు పైకి లేస్తే మైనస్ వైరు కిందికి దిగుతుంది. రెండింటిలోనూ సిగ్నల్ ఉంటుంది, రెండూ బ్యాటరీ వోల్టేజీలో సగం దగ్గర నిలబడి ఉంటాయి. నమ్మకం కుదరకపోతే స్టీరియో ఆన్ చేసి వాల్యూమ్ సున్నాలో పెట్టండి. మల్టీమీటర్‌ని డీసీలో ఉంచి, ఒక ముల్లు బ్యాటరీ మైనస్‌కి, రెండోది స్పీకర్ మైనస్‌కి ఆనించండి. సుమారు 6 వోల్టులు చూపిస్తుంది. 6 వోల్టులున్న వైరుని బాడీకి తగిలిస్తే చిప్ తనని తాను కాపాడుకుని ఆగిపోవాలి, లేదా కాలిపోవాలి.

ఈ తప్పు చాలా రూపాల్లో వస్తుంది. ఒక వైరు మిగులుతుందని ఎడమ, కుడి మైనస్‌లు రెండూ మెలిపెట్టడం ఒకటి. ఇనప డబ్బా ఉన్న హ్యాండిల్ స్పీకర్లకి మైనస్ బాడీ నుంచే తీసుకోవడం ఇంకొకటి. అన్నిటికంటే ఎక్కువగా చూసేది ఆర్‌సీఏ కేబుల్ కోసి, బయటి జల్లెడ తీగని స్పీకర్ మైనస్‌కి చుట్టడం. చాలా యాంపుల్లో ఆ జల్లెడ లోపల ఎర్త్‌కే చేరుతుంది. మీరు బాడీని ముట్టుకోకపోయినా స్పీకర్ మైనస్ బాడీకి చేరిపోయినట్టే.

కొన్ని యాంపులు స్పీకర్ వైర్ల మీది ఆ 6 వోల్టులనే చూసి వాటంతటవే ఆన్ అవుతాయి. వాటికి రిమోట్ వైరు అక్కర్లేదు.

ఈల వినబడుతున్నవాళ్లు ముందు ఎర్త్ చూసుకోండి. స్టీరియో ఎర్త్ ఒకచోట, యాంప్ ఎర్త్ ఇంకోచోట బిగిస్తే వస్తుంది. నేను ఫ్రేముని నమ్మను, రెండూ నేరుగా బ్యాటరీ మైనస్‌కే తెస్తాను.

అభ్యాసం: ఈసారి కాస్త కష్టమే, కానీ పూర్తిగా చేయండి. గెయిన్ వాల్యూమ్ కాదు, స్టీరియో ఇచ్చే వోల్టుకి యాంప్‌ని సరిచేసే మర. యాంప్ నుంచి స్పీకర్లు విప్పేయండి. స్టీరియోలో 300 హెర్ట్జ్ టోన్ (ఒకే స్వరం ఆగకుండా మోగే శబ్దం) పెట్టండి. చవక మల్టీమీటర్లు 400 హెర్ట్జ్ దాటితే సరిగా చూపించవు. ఈక్వలైజర్ సున్నా, వాల్యూమ్ మూడొంతులు. యాంప్ ఆర్‌ఎమ్‌ఎస్ వాట్లని (ఆగకుండా ఇవ్వగల అసలు వాట్లు) స్పీకర్ ఓములతో గుణించి వర్గమూలం తీయండి. 50 వాట్లు, 4 ఓములైతే 14.1 వోల్టులు. 100 వాట్లు, 4 ఓములైతే 20. గెయిన్ అడుగు నుంచి మొదలుపెట్టి, యాంప్ అవుట్‌పుట్ మీద ఏసీ రీడింగ్ ఆ అంకెకి వచ్చేదాకా మెల్లగా తిప్పండి. నేనైతే ఒక వోల్టు ముందే ఆపుతాను.

తర్వాత స్పీకర్లు కలిపి, ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, హెడ్‌లైటు వేసి, పాట గట్టిగా పెట్టి బ్యాటరీ వోల్టేజీ చూడండి. 13 కంటే దిగితే ఆ అంకె రాసిపెట్టుకోండి. వచ్చే విడతలో కరెంటు లెక్క దానితోనే మొదలుపెడతాను.