అమైలాయిడోసిస్ అనుమానం వస్తే ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత?

మూత్రంలో నురగ వస్తోందని కిడ్నీ డాక్టరు దగ్గరికి, ఆయాసమని గుండె డాక్టరు దగ్గరికి, అరికాళ్ల తిమ్మిర్లని నరాల డాక్టరు దగ్గరికి తిరుగుతుంటారు. ముగ్గురూ చూస్తున్నది ఒకే జబ్బు కావచ్చు. ఒంట్లోని ఏదో ఒక ప్రొటీన్ మడత తప్పి, కరగని సన్నటి పోగులుగా మారి అవయవాల్లో పేరుకుపోవడమే అమైలాయిడోసిస్. ఇలా దారి తప్పే ప్రొటీన్లు 30కి పైనే ఉన్నాయి. అరుదైన జబ్బే. కానీ ఆలస్యంగా బయటపడేది ఎక్కువగా ఎవరికీ ఆ ఆలోచన తట్టకపోవడం వల్లే.

1. అన్ని లక్షణాలూ ఒకే కాగితం మీద రాయండి

నాలుక లావెక్కి అంచుల్లో పళ్ల అచ్చులు పడటం, దెబ్బ తగలకుండానే కళ్ల చుట్టూ ఊదారంగు మచ్చలు రావడం ఏఎల్ రకాన్ని (లైట్ చెయిన్ అనే ప్రొటీన్ పేరుకునేది) పట్టిచ్చే గుర్తులు. అవి కొందరిలోనే కనిపిస్తాయి. రెండు మణికట్లకూ కార్పల్ టనల్ ఆపరేషన్ (నొక్కుకుపోయిన నరాన్ని వదులుచేసేది) అయిందన్న మాట గుండె డాక్టరుకు చెప్పాలని ఎవరికీ తోచదు. చెప్పండి. ఏళ్లుగా వాడుతున్న బీపీ మాత్రలు ఉన్నట్టుండి అక్కర్లేకపోతే సంబరపడతాం గానీ, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే అదీ రాయాల్సిందే.

2. ఈసీజీని, ఎకోను పక్కపక్కన పెట్టి చూడమనండి

బీపీ వల్ల గుండె గోడలు మందమైతే ఈసీజీ గీతలు సాధారణంగా ఎత్తుగా వస్తాయి. ఎకోలో గోడలు మందంగా ఉండి, ఈసీజీ గీతలు పొట్టిగా ఉంటే అనుమానించాలి. పొట్టిగా లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు. మూత్రంలో ఎంత ప్రొటీన్ పోతోందో కూడా చూడాలి.

3. రక్త పరీక్షలు వాయిదా వేయకండి

ఏఎల్ రకంలో మూలుగలోని ప్లాస్మా కణాలు లైట్ చెయిన్లనే ప్రొటీన్ ముక్కలను అతిగా తయారుచేస్తాయి. గుండెకు పాకితే నెలల్లోనే ముదురుతుంది. సీరం ఫ్రీ లైట్ చెయిన్, రక్తంలో ఇమ్యునోఫిక్సేషన్ (అసహజ ప్రొటీన్ రకాన్ని గుర్తించే పరీక్ష), మూత్రంలో ఇమ్యునోఫిక్సేషన్ మూడూ చేయించాలి. ఎలక్ట్రోఫోరెసిస్ (ప్రొటీన్లను విడదీసి చూసే పరీక్ష) ఒక్కటే చేసి "బాగానే ఉంది" అంటే ఒప్పుకోకండి. అసహజ ప్రొటీన్ తక్కువ మోతాదులో ఉంటే అందులో దొరక్కపోవచ్చు.

4. ముక్క పరీక్ష (బయాప్సీ)

చాలామంది భయపడేది ఇక్కడే. నిజానికి చాలాసార్లు బొడ్డు పక్కన తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, సూదితో కాస్త కొవ్వు లాగడంతో మొదలుపెడతారు. దానికి కాంగో రెడ్ అనే రంగు వేసి పోలరైజ్డ్ వెలుతురులో చూస్తే అమైలాయిడ్ పచ్చి ఆపిల్ రంగులో మెరుస్తుంది. కొవ్వులో దొరక్కపోయినా అనుమానం బలంగా ఉంటే మూలుగ, ఆపైన దెబ్బతిన్న అవయవం నుంచే ముక్క తీస్తారు.

ఒక మినహాయింపు ఉంది. లైట్ చెయిన్ పరీక్షలన్నీ మామూలుగా ఉండి, రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే టెక్నీషియం పీవైపీ స్కాన్‌లో మందు గుండె కండరంలో గట్టిగా పట్టుకుంటే, ముక్క తీయకుండానే గుండెకు సోకిన ఏటీటీఆర్ (ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ పేరుకునే రకం) అని చెప్పొచ్చు. రక్త పరీక్షలు లేకుండా స్కాన్ ఒక్కటే నమ్మితే మోసపోతాం. కొన్ని ఏఎల్ కేసుల్లోనూ అది అలాగే కనిపిస్తుంది.

5. రకం తేలేదాకా మందు మొదలుపెట్టనివ్వకండి

"అమైలాయిడ్ ఉంది" అన్న రిపోర్టు సగం జవాబే. ఏఎల్‌కు ప్లాస్మా కణాలను అణిచే కీమో మందులు కావాలి. అవే మందులు ఏటీటీఆర్ రోగికిస్తే హాని తప్ప మేలు లేదు. ఏటీటీఆర్‌లో కాలేయం తయారుచేసే ట్రాన్స్‌థైరెటిన్ చెడిపోతుంది. కొందరికి వయసు మీద పడటం వల్ల, కొందరికి వంశంలో వచ్చిన జన్యు మార్పు వల్ల. అందుకే జన్యు పరీక్ష చేస్తారు. మార్పు తేలితే తోబుట్టువులూ పిల్లలూ డాక్టరుతో మాట్లాడుకోవాలి. ఏఏ రకం మనకు బాగా సంబంధించింది. ఏళ్లతరబడి తగ్గని టీబీ, కీళ్లవాతం, ఊపిరితిత్తుల్లో పాత చీము దీనికి మూలం. ముందు దెబ్బతినేది సాధారణంగా కిడ్నీయే. చికిత్స కూడా ఆ మూలానికే.

రకం తేల్చడానికి, ముక్కలో పేరుకున్న ప్రొటీన్ ఏదో గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ నమ్మదగిన పద్ధతి. అన్ని ల్యాబుల్లోనూ ఉండదు. కాబట్టి ముక్క తీసిన ఆసుపత్రిలో రిపోర్టుతోపాటు ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకునూ స్లైడ్లనూ అడిగి తీసుకోండి. వేరే ల్యాబుకు పంపాల్సి వస్తే మళ్లీ సూది గుచ్చాల్సిన పని చాలావరకు తప్పుతుంది.